స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీకి మూడు ఆఫర్లు, ఏప్రిల్ 15 లోపు చెప్పాలి. ఏది తీసుకోవాలి?

ఉప్పల్_డేటా అడిగింది:

అందరికీ నమస్తే. హైదరాబాద్‌లోనే ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ఫైనలియర్ చదువుతున్నాను. పీహెచ్‌డీకి మూడు చోట్ల వచ్చింది, ఏప్రిల్ 15 లోపు ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. మా చుట్టాల్లో అమెరికాలో ఎమ్మెస్ చేసినవాళ్ళు బోలెడుమంది ఉన్నారు గానీ పీహెచ్‌డీ చేసినవాళ్ళు ఒక్కరూ లేరు, అందుకే ఇక్కడ అడుగుతున్నాను. యూనివర్సిటీల పేర్లు రాయడం లేదు, స్టాట్స్ పీహెచ్‌డీకి వెళ్ళేవాళ్ళమే తక్కువ, రాస్తే నేనెవరో తెలిసిపోతుంది.

మొదటిది అమెరికా మిడ్‌వెస్ట్‌లో ఒక పెద్ద స్టేట్ యూనివర్సిటీ, స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్. మూడింటిలో ర్యాంకు దీనికే ఎక్కువ. ట్యూషన్ ఫీజు మాఫీ, టీచింగ్ అసిస్టెంట్‌షిప్, తొమ్మిది నెలలకు స్టైపెండ్. వేసవి మూడు నెలల గురించి అడిగితే "మామూలుగా అందరికీ ఏదో ఒకటి దొరుకుతుంది" అని మెయిల్‌లో చెప్పారు, లెటర్‌లో మాత్రం ఆ మాట లేదు.

రెండోది తూర్పు తీరంలో, పబ్లిక్ హెల్త్ స్కూల్లో బయోస్టాటిస్టిక్స్, అంటే వైద్యం, ఆరోగ్యం డేటాకి వాడే స్టాటిస్టిక్స్. పన్నెండు నెలలకూ స్టైపెండ్ ఇస్తారు, మొత్తం మీద డబ్బు ఎక్కువే, కానీ ఆ ఊళ్ళో అద్దెలు చూస్తే కళ్ళు తిరుగుతున్నాయి.

మూడోది ఇక్కడే. సీఎస్‌ఐఆర్ నెట్ మ్యాథమెటికల్ సైన్సెస్‌లో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకిచ్చే జూనియర్ ఫెలోషిప్) వచ్చింది, సిటీలోనే ఒక యూనివర్సిటీలో సార్ తీసుకుంటానన్నారు. నెలకు 37,000, ఎస్‌ఆర్‌ఎఫ్ (సీనియర్ ఫెలో) అయ్యాక 42,000, హెచ్‌ఆర్‌ఏ వేరే.

నాకు చేయాలని ఉన్న పని ఏమిటంటే, ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో రౌండు డేటా తీసుకుని తెలంగాణలో చిన్నపిల్లల రక్తహీనత మీద చేశాను. ఐదేళ్ళలోపు పిల్లల్లో పదిమందికి ఏడుగురికి రక్తం తక్కువని ఆ సర్వేలో తేలింది. జిల్లా వరకు అంకె వస్తుంది, మండలం అంకె కావాలంటే రాదు. ఒక్కో మండలంలో శాంపిల్ పడిన ఇళ్ళు బాగా తక్కువ, చాలా మండలాల్లో అసలు పడనే లేదు. పైగా క్లస్టర్ల (సర్వేకి ఎంచుకున్న ఊళ్ళు, వార్డుల) జీపీఎస్ పాయింట్లను కుటుంబాల గోప్యత కోసం కావాలనే జరిపి ఇస్తారు, పల్లెల్లో అయితే సాధారణంగా 5 కిలోమీటర్ల దాకా, అందువల్ల ఆ పాయింటు ఏ మండలంలో పడిందో కూడా గట్టిగా చెప్పలేం. పాత రౌండుతో పోల్చి చూద్దామంటే 2016లో మన 10 జిల్లాలు 31 అయ్యాయి, హద్దులే మారిపోయాయి. ఇలాంటి చోట నమ్మదగిన అంచనా ఎలా తీయాలన్నదే నా ఆసక్తి, దాన్ని స్మాల్ ఏరియా ఎస్టిమేషన్ అంటారని ప్రాజెక్టు సగంలో ఉండగా తెలిసింది. ఆ పనే నాలుగైదేళ్ళు చేయమన్నా సంతోషంగా చేస్తాను.

ఇంట్లో నాన్న ర్యాంకు చూసి మొదటిదానికే వెళ్ళమంటున్నారు. అన్నయ్య, బయోస్టాట్ అంటే ఫార్మా ఉద్యోగం గ్యారంటీ, కళ్ళు మూసుకుని రెండోది తీసుకోమంటాడు. అమ్మ పైకి ఏమీ అనదు గానీ జేఆర్‌ఎఫ్ వచ్చిందని పక్కింటివాళ్ళందరికీ చెప్పేసింది. నాకు రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. ఎలా ఆలోచించాలో చెప్పండి.


ఐదో_ఏడు:

చెల్లీ, ముందు కంగ్రాట్స్. మూడూ మంచి ఆఫర్లే, ఏది తీసుకున్నా నీ చదువు పాడైపోదు, ఆ టెన్షన్ పక్కన పెట్టెయ్. నేను మిడ్‌వెస్ట్‌లోనే స్టాటిస్టిక్స్ పీహెచ్‌డీ చివరి ఏడాదిలో ఉన్నాను, ఇంటర్, డిగ్రీ అంతా కూకట్‌పల్లి.

నాన్నగారికి ర్యాంకు ఎందుకు అంత ముఖ్యమో నాకు తెలుసు. ఎంసెట్ నుంచి మన ఇళ్ళల్లో అదే కొలత. డిగ్రీకి అది కొంతవరకు పనికొస్తుంది, ఎందుకంటే అక్కడ ఎవరి దగ్గర చదివినా సిలబస్ ఒకటే. పీహెచ్‌డీలో మొదటి రెండేళ్ళు అలాగే ఉంటాయి: మెజర్ థియరీతో (ప్రాబబిలిటీకి పునాది అయిన గణితం) ప్రాబబిలిటీ, ఇన్ఫరెన్స్, లీనియర్ మోడల్స్, కాస్త కంప్యూటింగ్, ఆ తర్వాత క్వాలిఫైయింగ్ ఎగ్జామ్ (క్వాల్స్ అంటారు), అది పాసైతేనే రీసెర్చ్‌కి పోనిస్తారు. ఏ మంచి డిపార్ట్‌మెంట్‌కి వెళ్ళినా ఇదే వంట. తేడా అంతా మూడో ఏడాది మొదలవుతుంది. అప్పుడు నువ్వు ఒక మనిషి దగ్గరికి వెళ్ళి "మీ దగ్గర పనిచేస్తాను" అని అడగాలి, ఆ మనిషి సరే అనాలి, నీకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో తేలాలి. అందుకే నువ్వు మూడు ఆఫర్లనూ ఇవాళ్టి లెటర్‌తో కాకుండా మూడో ఏడాదిలో నువ్వు ఏ గదిలో ఎవరితో కూర్చుని ఏ డేటా మీద పనిచేస్తుంటావు అన్నదానితో పోల్చు. అది ఊహించుకోలేకపోతున్నావంటే, ఆ డిపార్ట్‌మెంట్ గురించి ఇంకా సమాచారం కావాలని అర్థం.

సమాచారం ఎలా వస్తుందంటే, అడగాలి. మనవాళ్ళు అడగడానికి మొహమాటపడతారు, ఆఫర్ ఇచ్చినవాళ్ళని ప్రశ్నిస్తే ఏమనుకుంటారో అని. ఏమీ అనుకోరు. ఇప్పుడు నువ్వు వాళ్ళని ఎంచుకునే సమయం, ఏప్రిల్ 15 దాకా ఆ హక్కు నీదే. అమెరికాలో గ్రాడ్యుయేట్ స్కూళ్ళ మండలి తీర్మానం ఒకటుంది, దాని మీద సంతకం పెట్టిన యూనివర్సిటీలేవీ ఫండింగ్ ఆఫర్‌కి ఆ తేదీకన్నా ముందు జవాబు చెప్పమని ఒత్తిడి చేయకూడదు. నీ రెండు యూనివర్సిటీలు ఆ జాబితాలో ఉన్నాయో లేదో నెట్‌లో చూసుకోవచ్చు.

అడగాల్సింది డిపార్ట్‌మెంట్‌లో పీహెచ్‌డీ వ్యవహారాలు చూసే గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌ని ఒక్కరినే కాదు, ఇప్పుడు మూడో ఏడూ నాలుగో ఏడూ చదువుతున్న పిల్లల్ని. వాళ్ళ మెయిల్ ఐడీలు డిపార్ట్‌మెంట్ పేజీలోనే ఉంటాయి, కుదిరితే వీడియో కాల్ అడుగు, కాల్‌లో చెప్పే మాటలు మెయిల్‌లో రాయరు. నీతో పాటు చేరినవాళ్ళు ఎంతమంది, క్వాల్స్‌లో ఎంతమంది పోయారు, రెండో ఛాన్సు ఇస్తారా, మధ్యలో మాస్టర్స్ తీసుకుని వెళ్ళిపోయినవాళ్ళు ఎందుకు వెళ్ళారు, పోయిన వేసవిలో నువ్వు ఏం చేశావు, డబ్బు ఎవరిచ్చారు. ఇంకొకటి, నీ సబ్జెక్టులో ఉన్న ప్రొఫెసర్లు గత మూడేళ్ళలో కొత్త స్టూడెంట్లని తీసుకున్నారా అని తప్పకుండా అడుగు. వెబ్‌సైట్‌లో పేరుండటం వేరు, స్టూడెంట్‌ని తీసుకునే స్థితిలో ఉండటం వేరు. రిటైరైనవాళ్ళ పేర్లు కూడా పేజీలో ఏళ్ళ తరబడి ఉంటాయి.

టీచింగ్ అసిస్టెంట్‌షిప్ గురించి కూడా ఒక మాట. చాలా చోట్ల మనలాంటివాళ్ళకి క్లాసు చెప్పే ముందు ఇంగ్లీషులో మాట్లాడే పరీక్ష పెడతారు, కొన్నిచోట్ల టోఫెల్ స్కోరు ఎంతున్నా సరే. పాసవకపోతే పేపర్లు దిద్దే పని ఇస్తారు, లేదా ఒక కోర్సు చేయిస్తారు. భయపడాల్సింది కాదు, కానీ దాని మీద స్టైపెండ్ ఏమైనా ఆధారపడుతుందా అని కనుక్కో.

ఇక అసలు విషయం, నీ సబ్జెక్టు. స్మాల్ ఏరియా అంటే స్టాట్స్ డిపార్ట్‌మెంట్లలో సర్వే శాంప్లింగ్ కిందకి వస్తుంది. దానికి పాత పునాది ఉన్న చోటు అయోవా స్టేట్ యూనివర్సిటీ. ఏలూరులో పుట్టిన జె.ఎన్.కె. రావు గారు అక్కడే 1961లో పీహెచ్‌డీ చేసి, తర్వాత కెనడాలో కార్ల్‌టన్ యూనివర్సిటీలో ఉంటూ ఈ రంగానికే పెద్ద దిక్కయ్యారు. 1988లో బాటిసీ, హార్టర్, ఫుల్లర్ కలిసి రాసిన పేపర్ చదివావో లేదో, అయోవాలో 12 కౌంటీలు, వాటిలో కేవలం 37 చోట్ల పొలాలు కొలిచి, మిగతాది ఉపగ్రహం తీసిన చిత్రాలతో కలిపి కౌంటీవారీగా మొక్కజొన్న, సోయాబీన్ విస్తీర్ణం అంచనా వేశారు. నీ మండలాల సమస్య అచ్చంగా అదే, పంటకి బదులు రక్తహీనత. కానీ ఇవాళ ఈ పని సర్వేవాళ్ళు మాత్రమే చేయడం లేదు. పబ్లిక్ హెల్త్‌లో డిసీజ్ మ్యాపింగ్ అని, ఏ ప్రాంతంలో ఏ జబ్బు ఎంతుందో అంచనా వేసే పని కూడా లోపల చూస్తే ఇలాంటి హయరార్కికల్ మోడలే, డేటా తక్కువున్న చోటికి పక్క ప్రాంతాల డేటా నుంచి బలం అరువు తెచ్చుకుంటుంది. సియాటిల్‌లోని యూనివర్సిటీ ఆఫ్ వాషింగ్టన్‌లో జాన్ వేక్‌ఫీల్డ్ స్టాట్స్‌లోనూ బయోస్టాట్‌లోనూ ఉన్నారు, కుటుంబ ఆరోగ్య సర్వేల డేటాతోనే రాష్ట్రాల కింది స్థాయిలో పిల్లల మరణాల రేటు లెక్కకట్టే పద్ధతులు ఆయన బృందం చేసింది. అందుకని బోర్డు మీద బయోస్టాట్ అని ఉందని రెండోది నీది కాదనుకోకు. అక్కడ ఈ పని చేసే మనిషి ఉన్నారా లేరా, అదొక్కటే చూడు.


మియాపూర్_ఎఫ్1:

డబ్బు గురించి ఎవరూ వివరంగా చెప్పరు కాబట్టి నేను చెబుతాను. ట్యూషన్ మాఫీ అంటే మొత్తం మాఫీ కాదు. స్టూడెంట్ ఫీజులు అని సెమిస్టర్‌కి వేరేగా వేస్తారు, కొన్నిచోట్ల అవి వెయ్యి డాలర్లు దాటుతాయి, ఇంటర్నేషనల్ స్టూడెంట్ ఫీజు మళ్ళీ వేరే. హెల్త్ ఇన్సూరెన్స్ ఎవరు కడతారో చూడు. రెండు ఆఫర్లకూ ఒక కాగితం మీద పన్నెండు నెలల లెక్క వెయ్, వచ్చేది పైన, ఫీజులు, ఇన్సూరెన్స్, అద్దె, సరుకులు కింద. తొమ్మిది నెలల జీతాన్ని పన్నెండుతో భాగించి చూస్తేనే నిజం తెలుస్తుంది.

క్లాసులు ఆగస్టు చివర మొదలవుతాయి, మొదటి జీతం చేతికి వచ్చేసరికి సెప్టెంబరు ఆఖరు అవుతుంది. ఈలోపు అడ్వాన్సు, మొదటి నెల అద్దె, దుప్పట్ల దగ్గర్నుంచి అన్నీ నీ జేబులోంచే. సెవిస్ (విదేశీ స్టూడెంట్ల రికార్డు వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు, వీసా ఫీజు, టికెట్టు. దీనికి ఎడ్యుకేషన్ లోన్ వద్దు, ఇంట్లో సర్దుకోగలిగితే సర్దుకోండి. పూర్తి ఫండింగ్ ఉన్న పీహెచ్‌డీకి ఎమ్మెస్ వాళ్ళలాగా లక్షల లోను తీసుకున్నవాళ్ళని చూశాను, అక్కర్లేదు. ట్యాక్సు కట్టేటప్పుడు భారత్ అమెరికా ఒప్పందం ప్రకారం మన స్టూడెంట్లకి స్టాండర్డ్ డిడక్షన్ వస్తుంది, వేరే దేశాల పిల్లలకి ఆ సౌకర్యం లేదు, ఫారం నింపేటప్పుడు మర్చిపోవద్దు.


తార్నాక_మాస్టారు:

అమ్మా, నేను ముప్పై ఏళ్ళుగా ఇక్కడ స్టాటిస్టిక్స్ చెబుతున్నాను. మూడో ఆఫర్ గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను మాట్లాడతాను, అది తక్కువది అనే ఉద్దేశంతో చూడొద్దు, అలాగని అమ్మగారి కోసం మాత్రమే ఒప్పుకోవద్దు.

ఇక్కడ ఉంటే నీకు కలిగే లాభం డేటా. నువ్వు పనిచేయాలనుకున్న మండలాలు బస్సెక్కితే చేరే దూరంలో ఉన్నాయి. అంగన్‌వాడీలో బరువు ఎలా తూస్తారో, రిజిస్టరు ఎలా నింపుతారో కళ్ళారా చూస్తావు, ఆ సర్వేలో వేలి నుంచి రక్తపు చుక్క తీస్తామంటే తల్లులు ఎందుకు వద్దన్నారో వాళ్ళనే అడగొచ్చు. మోడల్‌లో తప్పు ఎక్కడ దూరుతుందో అర్థం కావాలంటే ఇది కావాలి. ప్రపంచ ప్రసిద్ధ స్టాటిస్టీషియన్ సి.ఆర్. రావు గారి సంగతి అందరూ చెబుతారు గానీ ఆయన పీహెచ్‌డీ ఎలా చేశారో తక్కువమందికి తెలుసు. 1946లో కలకత్తా నుంచి కేంబ్రిడ్జికి వెళ్ళింది అక్కడి మ్యూజియంలో ఉన్న పురాతన అస్థిపంజరాల కొలతలు విశ్లేషించడానికి, కలకత్తాలో ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ పెట్టిన మహలనోబిస్ గారి పద్ధతి తెలిసిన మనిషి కావాలని అడిగితే పంపారు. ఆ కొలతల్లోంచే సమస్య పుట్టి, ఆధునిక స్టాటిస్టిక్స్‌కి పునాది వేసిన ఫిషర్ దగ్గర 1948లో థీసిస్ అయింది. నీకు ఇప్పటికే సమస్య ఉంది, డేటా ఉంది. చాలామంది రెండేళ్ళు చదివాక కూడా ఆ రెండూ లేకుండా తిరుగుతుంటారు.

నష్టాలు కూడా చెప్పాలి కదా. ఇక్కడ పీహెచ్‌డీకి కోర్స్‌వర్క్ తక్కువ. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం కనీసం 12 క్రెడిట్లు, అది ఒక సెమిస్టర్‌లో అయిపోతుంది. అమెరికాలో రెండేళ్ళు కూర్చోబెట్టి మెజర్ థియరీ, అసింప్టాటిక్స్ నూరిపోస్తారు, ఇక్కడ ఆ పని నీ అంతట నువ్వు చేసుకోవాలి, చేసుకోకపోయినా ఎవరూ అడగరు. ఎమ్మెస్సీలో ప్రాబబిలిటీ గట్టిగా చదివావా? లేకపోతే ఇది చిన్న విషయం కాదు. రెండోది, ఇక్కడ చేరిన రోజే గైడ్ ఖరారు. తర్వాత మార్చుకోవడం చాలా కష్టం. అందుకని ఆ సార్ దగ్గర థీసిస్ ఇచ్చినవాళ్ళని కలువు, ఎన్నేళ్ళు పట్టింది, పేపర్ల మీద ఎవరి పేరు ముందుంది, సెలవు అడిగితే ఏమంటారు, అన్నీ కనుక్కో. ఫెలోషిప్ డబ్బులు కూడా ఒక్కోసారి నెలల తరబడి ఆగి ఒకేసారి పడతాయి. ఇంట్లోనే ఉంటావు కాబట్టి నడుస్తుంది, హాస్టల్లో ఉండే పిల్లలకి నరకం.

ఇక్కడ చేరితే బయటి దారి మూసుకుపోతుందని మాత్రం అనుకోవద్దు. ఫుల్‌బ్రైట్ నెహ్రూ డాక్టోరల్ ఫెలోషిప్ ఉంది, ఇక్కడ పీహెచ్‌డీలో నమోదైనవాళ్ళు 6 నుంచి 9 నెలలు అమెరికాలో ఒక ప్రొఫెసర్ దగ్గర పనిచేసి రావచ్చు. పోటీ ఉంటుంది, కానీ నీలాంటి స్పష్టమైన సమస్య ఉన్నవాళ్ళకి అవకాశం బాగానే ఉంటుంది.

నన్నడిగితే, నీకు థియరీ బలం తక్కువని అనిపిస్తే వెళ్ళు. బలం ఉంది, గైడ్ మంచివాడని పిల్లలు చెబితే, ఉండటం గురించి గట్టిగానే ఆలోచించు.


ట్రయల్స్_హైటెక్‌సిటీ:

అన్నయ్య చెప్పిన ఫార్మా మాట గురించే రాస్తున్నాను, ఎందుకంటే నేను చేసేది అదే ఉద్యోగం. హైదరాబాద్‌లో క్లినికల్ ట్రయల్స్ పని చాలా ఉంది, పెద్ద కంపెనీల సెంటర్లున్నాయి, నిజమే. కానీ అందులో ఎక్కువ భాగం స్టాటిస్టికల్ ప్రోగ్రామింగ్, శాస్ అనే సాఫ్ట్‌వేర్‌లో టేబుళ్ళు, లిస్టింగులు తయారుచేయడం, దానికి నీ ఎమ్మెస్సీ చాలు. పీహెచ్‌డీ విలువ ట్రయల్ డిజైన్ చేసేచోట, రెగ్యులేటర్‌తో వాదించేచోట కనిపిస్తుంది, ఆ కుర్చీలు తక్కువ, ఎక్కువగా అమెరికాలోనే ఉంటాయి. ఫార్మా ఉద్యోగం కోసమని ఐదేళ్ళు పీహెచ్‌డీ చేయడం అవసరం లేదు. ఈ ఒక్క కారణంతో రెండోది ఎంచుకోవద్దు చెల్లీ.

బయోస్టాట్ డిపార్ట్‌మెంట్లో ఇంకో సంగతి. అక్కడ రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్ అంటే చాలాసార్లు వేరే డాక్టర్ల ప్రాజెక్టుకి విశ్లేషణ చేసిపెట్టడం, వారానికి 20 గంటల దాకా. అది నీ థీసిస్‌కి పనికిరావచ్చు, రాకపోవచ్చు. నేర్చుకునేది మాత్రం చాలా ఉంటుంది, డేటా ఎంత మురికిగా ఉంటుందో, డాక్టరు అడిగేది ఒకటి, కావలసింది ఇంకొకటి ఎలా అవుతుందో. అమెరికా ప్రభుత్వం బయోస్టాట్ పిల్లలకి ఇచ్చే ట్రైనింగ్ గ్రాంట్లు పౌరులకీ గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ళకే, మనకి రావు. కాబట్టి తోటి అమెరికన్ స్టూడెంట్ "నాకు ఏ పనీ చేయకుండానే ఫండింగ్ ఉంది" అంటే నీకూ అలాగే అనుకోవద్దు.


ఉప్పల్_డేటా:

అందరికీ చాలా చాలా థ్యాంక్స్. అన్నా, మీరు చెప్పినట్టే స్టూడెంట్లకి మెయిల్ పెట్టాను, అనుకున్నదానికన్నా తొందరగా జవాబులు వచ్చాయి, ఇద్దరు వీడియో కాల్ కూడా చేశారు.

మొదటి చోట సర్వే మీద పనిచేసేవాళ్ళు ముగ్గురని వెబ్‌సైట్ చూసి అనుకున్నాను. ఒకాయన రిటైరయ్యారు. ఒకావిడ డీన్ ఆఫీసులో పెద్ద పదవిలోకి వెళ్ళారు, కొత్తవాళ్ళని తీసుకోవడం లేదు. మూడో ఆయన దగ్గర ఇప్పటికే నలుగురున్నారు, "నువ్వు వచ్చేసరికి ఒకరిద్దరు పూర్తిచేస్తారు, చూద్దాం" అన్నారట. క్వాల్స్ కష్టమే గానీ రెండుసార్లు రాయనిస్తారు, పోయినవాళ్ళు తక్కువ. వేసవిలో సగంమంది ఆన్‌లైన్ కోర్సు చెబుతారు, మిగతావాళ్ళు ఇంటర్న్‌షిప్‌కి వెళ్తారు, మొదటి వేసవి మాత్రం కొందరికి ఏమీ దొరకలేదు.

రెండో చోట ఒక ప్రొఫెసర్ నేరుగా జవాబు రాశారు. కౌంటీ స్థాయిలో ఆరోగ్య అంచనాల మీదే ఆవిడ పని. నా ప్రాజెక్టు రిపోర్టు పంపమన్నారు, పంపితే చదివి, జీపీఎస్ జరపడం వల్ల వచ్చే తప్పుని నేను మోడల్‌లో పట్టించుకోలేదని, దాని మీదే ఒక పేపర్ రాయొచ్చని నాలుగు పేరాలు రాశారు. ఆ మెయిల్ ఎన్నిసార్లు చదివానో. కానీ లెటర్ మళ్ళీ చూశాను, మొదటి ఏడాది డిపార్ట్‌మెంట్ ఇస్తుంది, రెండో ఏడాది నుంచి "నిధుల లభ్యతను బట్టి" అని ఉంది. ఇది మామూలేనా, భయపడాలా?

మాస్టారూ, ప్రాబబిలిటీ మాకు ఒకే పేపర్, మెజర్ థియరీ పైపైన చెప్పారు. సార్ దగ్గర చదివిన ఇద్దరిని కలిశాను, సార్ చాలా మంచివారని ఇద్దరూ చెప్పారు, కానీ ఆయన పని డిజైన్ ఆఫ్ ఎక్స్‌పెరిమెంట్స్ (ప్రయోగాలు ఎలా రూపొందించాలన్నది), నా సర్వే సమస్య ఆయనకీ కొత్తే.


తార్నాక_మాస్టారు:

అయితే వెళ్ళమ్మా. గైడ్ మంచితనం ఒక్కటే చాలదు, సబ్జెక్టు కూడా కలవాలి. థియరీ కూడా అక్కడ గట్టిపడుతుంది. జేఆర్‌ఎఫ్ అవార్డు లెటర్‌లో ఎప్పటివరకు చెల్లుతుందో తేదీ ఉంటుంది, అది చూసి పెట్టుకో, వీసా సంగతి తేలేవరకు దాన్ని వదులుకోనక్కర్లేదు. ఆ సార్‌కి మాత్రం ఉన్నది ఉన్నట్టు ఈ వారమే వెళ్ళి చెప్పు, ఆయన దగ్గర ఖాళీలు లెక్కే ఉంటాయి, ప్రొఫెసర్ అయినా ఒకేసారి ఎనిమిదిమందిని మించి తీసుకోకూడదు, నీ కోసం పట్టి ఉంచితే ఇంకెవరికో పోతుంది.


ఐదో_ఏడు:

ఆ ప్రొఫెసర్ మెయిల్ గురించి ముందు. ఇంకా చేరని స్టూడెంట్ రిపోర్టు చదివి నాలుగు పేరాలు రాసే మనిషి దొరకడం అదృష్టం. నేనైతే ర్యాంకులో ఎంత తేడా ఉన్నా ఆ మనిషి వైపే మొగ్గుతాను. ఆవిడ దగ్గర చదువుతున్న ఇద్దరితో కూడా మాట్లాడు, కాగితం మీద బాగుండి చేతికింద కష్టంగా ఉండేవాళ్ళూ ఉంటారు.

"నిధుల లభ్యతను బట్టి" అన్న వాక్యం దాదాపు అన్ని లెటర్లలోనూ ఉంటుంది, దాన్ని చూసి వెనక్కి తగ్గొద్దు. కానీ ఇప్పుడున్న కాలంలో దాన్ని ఊరికే వదిలేయొద్దు కూడా. 2025లో అమెరికా ఆరోగ్య పరిశోధన గ్రాంట్లు చాలా ఉన్నట్టుండి రద్దయ్యాయి, కొన్ని యూనివర్సిటీలు ఇచ్చిన అడ్మిషన్లు కూడా వెనక్కి తీసుకున్నాయి. బయోస్టాట్ డిపార్ట్‌మెంట్లు ఆ గ్రాంట్ల మీద ఎక్కువ నడుస్తాయి, స్టాట్స్ డిపార్ట్‌మెంట్లకి అండర్‌గ్రాడ్ క్లాసులు చెప్పే పని ఉంటుంది కాబట్టి టీఏ (టీచింగ్ అసిస్టెంట్) పోస్టులు అంత సులభంగా పోవు. మొదటి ఆఫర్‌కి ఉన్న అసలు బలం ఇదే, ర్యాంకు కాదు.

అందుకని రెండోచోట గ్రాడ్యుయేట్ డైరెక్టర్‌కి మెయిల్ పెట్టు. "గ్యారంటీ ఇస్తారా" అని అడిగితే "సాధారణంగా ఇస్తాం" అంటారు, అది జవాబు కాదు. జరిగినదాని గురించి అడుగు: 2025లో గ్రాంట్ ఆగిపోయిన ప్రొఫెసర్ల దగ్గరున్న స్టూడెంట్లకి ఆ సెమిస్టర్ జీతం ఎవరిచ్చారు? స్టైపెండ్ లేకుండా పోయినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? నాకు మెయిల్ రాసిన ప్రొఫెసర్ గ్రాంట్ ఎప్పటివరకు ఉంది? అది అయిపోతే డిపార్ట్‌మెంట్‌లో టీఏ ఇస్తారా, ఎన్ని సెమిస్టర్లు? ఈ నాలుగూ మర్యాదగా, వరసగా రాయి, నువ్వు రావాలనే అనుకుంటున్నావని మొదటి లైన్‌లోనే చెప్పు. నిజంగా ఆదుకున్న డిపార్ట్‌మెంట్ అయితే వివరంగా రాస్తుంది, ఆ రాతే నీకు హామీ లాంటిది. పొడిపొడిగా ఒక లైను వస్తే అప్పుడు మొదటిదాని గురించి మళ్ళీ ఆలోచిద్దాం, అక్కడ ఆ మూడో ఆయనతో ఒక కాల్ మాట్లాడాక.


మియాపూర్_ఎఫ్1:

పై మాటకి ఒక్కటి కలుపుతాను. మొదటి ఏడాదికి మాత్రమే లెటర్‌లో అంకె ఉంటే ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) మీద కూడా ఆ ఏడాది ఫండింగే చూపిస్తారు, వీసా ఇంటర్వ్యూకి అది సరిపోతుంది, మామూలే. తర్వాతి ఏళ్ళ గురించి డిపార్ట్‌మెంట్ మెయిల్ ప్రింటు తీసుకుని ఫైల్లో పెట్టుకో.


ఉప్పల్_డేటా:

మెయిల్ రాసి అన్నయ్యకి చూపించాను, రేపు పొద్దున పంపుతున్నాను. నాన్నకి ఆ ప్రొఫెసర్ రాసిన నాలుగు పేరాలు తెలుగులో చదివి వినిపించాను, ర్యాంకు మాట మళ్ళీ ఎత్తలేదు గానీ ఆ ఊళ్ళో అద్దె ఎంతని అడిగారు. ఒక చిన్న డౌటు, ఈలోపు మొదటిచోట నో చెప్పేయాలా? వాళ్ళు రెండుసార్లు మెయిల్ పెట్టారు, పట్టుకుని కూర్చుంటే బాగోదేమో.


ఐదో_ఏడు:

ఇప్పుడే చెప్పకు. రెండోచోట నుంచి రాతపూర్వకంగా జవాబు వచ్చాకే చెప్పు, వచ్చిన రోజే చెప్పెయ్, చివరి రోజు దాకా లాగొద్దు, వెయిటింగ్ లిస్టులో ఉన్నవాళ్ళకి ఆ సీటు వెళ్తుంది. వాళ్ళ మెయిల్‌కి మాత్రం ఇవాళే రెండు లైన్లు రాయి, ఫండింగ్ గురించి ఒక విషయం కనుక్కుంటున్నాను, ఫలానా తేదీకల్లా చెబుతాను అని. పోర్టల్‌లో డిక్లైన్ నొక్కాక వెనక్కి తీసుకోవడం కుదరదు. ఏప్రిల్ 15 అర్ధరాత్రి అన్నది వాళ్ళ టైమ్, మనకి అప్పటికి పదహారో తారీకు పొద్దున అవుతుంది, అయినా ఆ చివరి గంటల మీద ఆధారపడకు, వారం ముందే తేలేలా రేపటి మెయిల్‌లో ఏ తేదీకల్లా జవాబు కావాలో కూడా రాసెయ్.